కోపం వచ్చినవాళ్లకే తలుపు

పలుకు 1

నా పేరు పేడాడ అసిరితల్లి. చంద్రుడి మీద చందురువలస ఊళ్లో, బాలవాడి లోపలి గాలి బయటికి పోకుండా ఆపే గాలితలుపు దగ్గర కాపలా. అంతకు ముందు సైన్యంలో హవల్దారుని. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఈ రాతపెట్టె రాసుకుంటుంది. నా మాటని కాస్త సాపు చేసి రాస్తుందట, రాసుకోనీ. ఎవరు ఏమన్నారో ఆ మాటలు మాత్రం అన్నది అన్నట్టే ఉంచమన్నాను. మాట మారితే కేసు మారిపోతుంది.

ఇది బాలవాడి సంఘం వారికి నా జవాబు. నన్ను తలుపు దగ్గర నుంచి తీసేసి పై అంతస్తు విశ్రాంతి మందిరానికి పంపాలని సంఘాధ్యక్షుడు కిల్లి వరాహమూర్తి గారు ఫిర్యాదు పెట్టారు. ఆ మందిరంలో మెత్తటి కుర్చీ ఇస్తారట. పొద్దస్తమానం వేణువు వినిపిస్తారట. ఎవరూ గొంతు పెంచకూడదట. అంతకన్నా నాకు ఉరి నయం.

నేను అధ్యక్షుడు గారిని "ఊక కూరి మీసం కుట్టిన బస్తా" అన్నానని ఫిర్యాదు. అన్నాను. కాదనను. కాని అన్నది అధ్యక్షుడు గారిని కాదు. ఆయన మనవడిని తీసుకెళ్లడానికి ఈ తలుపు దగ్గరికి ఏనాడూ రాలేదు. వచ్చింది ఆయన బదులుబొమ్మ.

మన ఊళ్లో బదులుబొమ్మ లేనివాడెవడు? పెళ్లికి బొమ్మ వెళ్లి అక్షింతలు వేస్తుంది. చావింటికి బొమ్మ వెళ్లి ముక్కు చీదుతుంది. యజమాని ఇంట్లో పడుకుని దాన్ని నడిపిస్తాడు. అచ్చం మనిషే. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, నాడి కొట్టుకుంటుంది. ఒక్కటే లేదు దానికి. కోపం. అమ్మేవాళ్లే పెట్టలేదు. కొన్నవాడి మీద తిరగబడే బొమ్మని ఎవడు కొంటాడు?

పోయినేడు ఒక బొమ్మ ఇంటికి పిల్లాడిని తీసుకెళ్తూ, యజమాని నిద్రపోతే, ఎటు పోవాలో తెలియక మెట్ల దగ్గర స్తంభంలా నిలబడిపోయింది. చంకలో పిల్లాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడు. అప్పుడు సంఘం వారే కట్టడి చేశారు, పిల్లని బతికున్న చేతికే ఇవ్వాలని. బతికున్న చెయ్యేదో చెప్పగలిగేది ఊళ్లో ఒక్కరే. అందుకే నన్ను ఇక్కడ కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిందీ వారే, లెమ్మంటున్నదీ వారే.

పలుకు 2

నేను సైన్యంలో ఎలా చేరానో చెబితే తప్ప నా తిట్టు విలువ మీకు తెలియదు.

మంచుగుంట నీళ్ల కోసం ఆవలిగట్టు వాళ్లతో యుద్ధం నడుస్తున్న రోజులు. కొళాయి దగ్గర వరస. ఒకావిడ నా బిందె పక్కకి జరిపింది. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఆవిడ తన బిందె వదిలేసి పోయింది. ఆవిడ వెనకావిడ కూడా పోయింది. వరస మొత్తం చెదిరిపోయాక చూస్తే ఒక సుబేదారు మాత్రం మిగిలాడు, టోపీ తీసి చేత్తో పట్టుకుని.

"అమ్మా, ఈ నోరు నీ ఒక్కదానికీ అయిపోతే ఎలాగ? దేశానికి గావాల" అన్నాడు.

అలా కొళాయి కొళాయికీ తిరిగి ఏరిన ఆడవాళ్లతో ఒక దళం కట్టారు. మాకు తుపాకీ ఇవ్వలేదు. ఒక మాటగొట్టం ఇచ్చారు. ఆవలిగట్టు వాళ్లు మన సిపాయిల పోలికతో బొమ్మల్ని చేసి, కడుపులో మందు కూరి, మన గాలితలుపుల దగ్గరికి పంపేవారు. తలుపు తీస్తే అంతే. చంద్రుడి మీద గోడకి చిల్లు పడితే పరిగెత్తడానికి గాలి ఉండదు. అందుకని మేము తలుపు తీసే ముందు గొట్టంలోంచి తిట్టేవాళ్లం. మండినవాడు మనవాడు. "క్షమించండి, దయచేసి లోపలికి అనుమతించండి" అన్నవాడు బాంబు.

తిట్టుకు కవాతు ఉంది. మొదటి వరస ఒంటి మీది బట్ట మీద. దానికి మండకపోతే రెండో వరస, చేతి పని మీద. మూడో వరస మనిషి లోపల దాచుకున్న గొప్ప మీద. కులం, అవిటితనం, చావు, వీటి జోలికి పోయినదాన్ని దళంలోంచి గెంటేసేవారు. తిట్టు తగలాలి, పుండు మిగలకూడదు. ఒకసారి సాక్షాత్తూ మా సేనాపతి వచ్చాడు. రెండో వరసకే "నిన్ను చెరసాల్లో తోయిస్తాను!" అని ఎగిరాడు. "దయచెయ్యండి దొరా" అని తలుపు తీశాను. పతకం ఇచ్చారు.

యుద్ధం అయిపోయాక సర్దుబాటు కచేరీ పెట్టారు. సైన్యంలో నేర్చిన విద్యకి ఊళ్లో పని చూపిస్తారు. మందుపాతరలు పీకిన సింహాద్రి ఇప్పుడు పళ్లు పీకుతున్నాడు. చెయ్యి వణకదు, పీకగానే దూరంగా దూకడం మాత్రం మానలేదు. వలలు కప్పి ఫిరంగులు దాచినవాడు పెళ్లిపందిళ్లు వేస్తున్నాడు. వాడి పందిరి ఎక్కడుందో చుట్టాలకి కనబడదు, అది వేరే సంగతి. నా వంతు వచ్చేసరికి గుమస్తా "మీ విద్య ఏమిటమ్మా?" అన్నాడు. చూపించాను. లేచి వెళ్లిపోయాడు.

ఆ తరవాత ఈ బాలవాడి పని దొరికేదాకా నన్ను ఎవరూ పిలవలేదు. ఇది పోతే ఇక పిలిచేవాళ్లు లేరు. అది కూడా రాసుకో పెట్టే.

పలుకు 3

నా పని చెబుతాను. పిల్లలు రాగానే కాళ్లకి అంటిన బూడిద తుడుస్తాను. చంద్రుడి బూడిద కాల్చిన మతాబు వాసన వేస్తుంది, పట్టుకుంటే వదలదు. కాళ్లకి బరువు కడియాలు బిగిస్తాను. లేకపోతే ఒక్క గెంతుకి ఇంటికప్పుకి తగులుతారు. బాలవాడి పెద్ద హేమసుందరి పంతులమ్మ చోడి అంబలి పోస్తుంది. ఇక్కడ పొద్దు పొడిస్తే రెండు వారాలు కుంకదు కాబట్టి, ఇంటికి వెళ్లే వేళ అయిందని చెప్పేది గంట ఒక్కటే.

గంట కొట్టగానే తల్లులు బయట వరస కడతారు, గాలిబుడ్డీలు వీపుకి తగిలించుకుని. ఒక్కొక్కరే బయటి తలుపు తీసుకుని నడిమి గదిలోకి వస్తారు. తలకి పెట్టుకున్న గాజుకుండ తీస్తారు. లోపలి తలుపు అద్దం వెనక నేను.

"ఏటే అది, సీర కట్టినావా, మూట కట్టినావా?"

"నా సీర నీకెందుకే ముసిలీ! నీ కళ్లు కాకులు పొడవా!"

"మనిషే. రా తల్లీ. గుంటడికి దగ్గుంది, మిరియాల కషాయం పొయ్యి."

అంతే. ఎవరికీ గుండెలో ఏమీ మిగలదు. కొందరు తల్లులు ఇంట్లో మొగుడి మీద అట్టేపెట్టుకున్నది కూడా నా దగ్గరే దింపుకుని, నవ్వుతూ పోతారు. పిల్లలు కూడా నేర్చుకున్నారని హేమసుందరి బాధ. "అసిరితల్లి గారూ, నిన్న ఒక పిల్ల అంబలి గిన్నెని తిట్టిందండీ" అంది. గిన్నెకి కోపం వచ్చిందా అని అడిగాను. రాలేదంది. అయితే పిల్ల సరిగ్గానే కనిపెట్టిందన్నాను.

పలుకు 4

ఇప్పుడు రెండో ఫిర్యాదు. బతికున్న మనిషిని బొమ్మ అని బంధించానని. ఇది నిజం. ఎలా జరిగిందో వినండి.

పైడి అని ఒక పిల్ల. రోజూ తల్లి వచ్చేది. తల్లి మంచుగనిలోకి వంతుకి దిగడంతో తండ్రి వచ్చాడు. పేరు దుంపల లోకనాథం. సన్నగా, పొడుగ్గా, గాజుకుండ తీసి చంకలో పెట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"ఎవుడ్రా అది? సొక్కా నువ్వు తొడుక్కున్నావా, సొక్కాయే నిన్ను తగిలించుకున్నాదా?"

"నమస్కారమండి పెద్దమ్మా. పైడి నాన్నని. సొక్కా కొంచెం వదులేనండి."

నాకు అక్కడే అనుమానం తగిలింది. రెండో వరసకి దిగాను.

"నువ్వు బిందె పట్టుకుంటే నీళ్లే సిగ్గుపడి కారిపోతాయి. నీ సేతికి పని సెప్పడం కంటే సిల్లుగిన్నెకి సెప్పడం మేలు."

"నిజమేనండి. మా ఇంట్లోనూ అలాగే అంటారు."

మూడో వరస. యుద్ధం తరవాత ఈ వరస నేను వాడలేదు.

"నీ ఇంట్లో నువ్వు సుట్టానివిరా! కూతురికి పేరు పెట్టిన రోజున నిన్నెవులూ అడగలేదు. అడిగితే నువ్వేటంటావు? 'మీ ఇష్టం' అంటావు. నీ బతుకంతా ఒక 'మీ ఇష్టం'!"

అతను తల ఊపాడు. మొహం మీద నవ్వు అలాగే ఉంది. "బాగా సెప్పినారు. ఇంకేటైనా ఉందా అండి? ఉంటే వింటాను."

వింటాను! ఏ బొమ్మని కదిపినా అదే మాట. నేను గొలుసు లాగేశాను. నడిమి గదికి రెండు తలుపులూ బిగుసుకున్నాయి. సైన్యంలో అదే పద్ధతి. అనుమానం ఉన్నవాడిని అక్కడే ఉంచి, పేలుతాడేమో చూడాలి.

ఈ లోపల పైడి అద్దం దగ్గరికొచ్చి "నాన్నా!" అంటోంది. పిల్లలకేం, బొమ్మనీ నాన్నే అంటారు. బయట వరసలో తల్లుల గాలిబుడ్డీలు ఒక్కొక్కటీ గంట కొట్టడం మొదలుపెట్టాయి. హేమసుందరి చేతిలో అంబలి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

"తలుపు తియ్యండి అసిరితల్లి గారూ! బయటివాళ్లకి గాలి అయిపోతోంది!"

"ఆళ్లని అవతలి గుమ్మంలోకి ఎల్లమను. వీడి కడుపులో మందున్నాదో లేదో తేలకుండా తియ్యను."

"ఇది బాలవాడండీ, యుద్ధం కాదు!"

"పిల్లలున్న సోటికన్నా పెద్ద యుద్ధం ఎక్కడున్నాది?"

తల్లులు తిట్టుకుంటూ వంటింటి వైపు గుమ్మానికి పోయారు. అందరూ మనుషులేనని నాకు అటు నుంచి కూడా వినబడింది. ఇంతలో మాటగొట్టంలోంచి ఒక చప్పుడు వచ్చింది. గుర్ర్ అని. బాంబు రాజుకుంటోందేమోనని పైడిని నా వెనక్కి నెట్టి అద్దంలోంచి చూశాను. లోకనాథం గోడకి ఆనుకుని, గాజుకుండ ఒళ్లో పెట్టుకుని, గురక పెట్టి నిద్రపోతున్నాడు. నోటి చివర చొంగ కారుతోంది.

కోపం రాని బొమ్మని చేశారు గాని, చొంగ కార్చే బొమ్మని చేసేవాడు ఇంకా పుట్టలేదు. తలుపు తీశాను.

పలుకు 5

ఈ ఫిర్యాదు లోకనాథం పెట్టలేదు. అధ్యక్షుడు గారే పెట్టారు. లోకనాథం నీళ్ల కచేరీలో ఫిర్యాదుల కిటికీ దగ్గర పని చేస్తాడట. అతను నా గదిలో ఇరుక్కున్నంతసేపూ ఆ కిటికీ మూతపడి, తిట్టడానికి మనిషి దొరకక జనం ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నారట. ఊరి శాంతికి భంగం అట.

నేను ఆ కిటికీ దగ్గరికి వెళ్లాను. తప్పు ఒప్పుకోడానికి కాదు. నా మూడో వరస తట్టుకున్నవాడెవడో చూడాలని.

చూశాను. జనం వస్తున్నారు, కొళాయి రాలేదని తిడుతున్నారు, పోతున్నారు. వచ్చేటప్పుడు ఎర్రగా వస్తున్నారు, పోయేటప్పుడు చల్లగా పోతున్నారు. ఇతను కదలడు. కిటికీ ఖాళీ అయ్యాక అడిగాను.

"నిజం సెప్పు బావూ. ఏ దళం నీది?"

నవ్వాడు. "సంధి గుడారమండి. ఆవలిగట్టు పెద్దలు మాటలకొచ్చినప్పుడు ఎదురుగా కూసోడానికి నన్నెట్టినారు. ఆళ్లు వంతులేసుకుని తిట్టీవోరు. నాను కూసునీవోణ్ణి. లేవకూడదు, బదులు సెప్పకూడదు, మొగం మార్సకూడదు. అదే మాకు నేర్పిన విద్య. కాసేపు సందు దొరికితే కూసున్న సోటే కునుకు తియ్యడం కూడా అక్కడిదేనండి."

"మరి యుద్ధం ఎలాగాగింది?"

"తిట్లు అయిపోనాయండి ఒక రోజు. అయిపోయాక ఆళ్ల పెద్దాయన 'మా పిల్లలకి తాగడానికి నీళ్లు నేవు నాయనా' అన్నాడు. అదే అసలు మాట. తిట్టంతా అయిపోతే గానీ అసలు మాట రాదు పెద్దమ్మా."

ఆ మాట నేను మళ్లీ ఒకసారి పైకి అనుకున్నాను. అప్పుడు రాతపెట్టె ఉంటే రాసుకునేది.

"ఈ పనికి ఒక బొమ్మని కూసోబెట్టొచ్చు గదా?"

"ఎట్టినారండి ఒకసారి. జనం తిట్టి తిట్టి గొంతులు పోగొట్టుకున్నారు గానీ ఒకలూ అసలు మాట సెప్పలేదు. వినీది మనిషని తెలిస్తేనే సెప్తారు."

అతని చిక్కు అతనికి ఉంది. పైడిని తీసుకెళ్లాలంటే నా తలుపు దగ్గర కోపం తెచ్చుకోవాలి. అది అతనికి చేతకాదు. ఒకసారి మనిషిగా వచ్చాడు కదా అని వదిలేస్తే, రేపు అతని బొమ్మ వచ్చి అదే నవ్వు నవ్వుతుంది. కట్టడి కట్టడే. కోపం నేర్పుదామని చూశాను. కళ్లు ఎర్రజెయ్యమంటే తుమ్మొచ్చేవాడిలా మొహం పెట్టాడు. పళ్లు కొరకమంటే "ఏ పన్నండి?" అన్నాడు. "మా ఇంటిది కూడా ఇదే ఏడుస్తాదండి, నాతోటి జగడం ఆడ్డానికి నేదని" అన్నాడు.

అందుకని అతను నా తలుపు దాటలేడు గాబట్టి, నేనే తలుపు దాటి రోజూ పైడిని వాళ్లింట్లో దించి వచ్చాను. సంఘం వారు ఇది కూడా రాసుకోవాలి. దీనికి జీతం అడగలేదు.

పలుకు 6

ఈ రోజు విచారణ అయింది.

సంఘం గదిలో బల్ల వెనక అయిదుగురు. నడుమ అధ్యక్షుడు గారు, మీసం దువ్వుకుని. ఇవతల హేమసుందరి, కిటికీ మూసి నా తరపున చెప్పడానికి వచ్చిన లోకనాథం, అతని ఒళ్లో పైడి. సంఘం కట్టడి ప్రకారం విచారణకి సభ్యులు స్వయంగా రావాలి. వచ్చారనే అనుకున్నాను. కుర్చీలో కూర్చున్నవాళ్లని తిట్టి చూడకుండా మనుషులే అనుకోవడం నా కాపలాలో ఇదే మొదటిసారి.

నా కథంతా చెప్పాను. కొళాయి, సుబేదారు, పతకం, మెట్ల దగ్గర సొమ్మసిల్లిన పిల్లాడు, అన్నీ. అధ్యక్షుడు గారు నవ్వారు. "మీ ఆవేదన మాకు పూర్తిగా అర్థమైంది" అన్నారు. పక్కాయన నవ్వాడు. "మీ సేవలు అమూల్యం" అన్నాడు. ఆ పక్కావిడ నవ్వింది.

ఆ నవ్వు నాకు తెలుసు. మొదటి వరసకి దిగాను.

"అధ్యచ్చా! నీ మీసం నీదేనా, పీసు పీకి అతికించినారా?"

"ధన్యవాదాలు" అన్నారు అధ్యక్షుడు గారు.

"ఒలే మూలనున్నమ్మా, నువ్వు తాలింపేస్తే ఆవాలు కూడా పేలడానికి సిగ్గుపడతాయి!"

"మీ సూచన విలువైనది" అందామె.

మూడో వరస కూడా వేశాను. వరసకి అయిదుగురూ నవ్వారు. అయిదుకి అయిదూ బొమ్మలే. పిల్లల తలుపు బొమ్మలకి తియ్యాలా వద్దా అని బొమ్మలు తేలుస్తున్నాయి.

అధ్యక్షుడి బొమ్మ తీర్పు చదవడం మొదలుపెట్టింది. "పేడాడ అసిరితల్లిని విశ్రాంతి మందిరానికి..." అంటుండగా నా పక్కన బల్ల కిర్రుమంది. లోకనాథం లేచాడు. పైడిని హేమసుందరి చేతికిచ్చాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి.

"మనిషి రానేదేటి?" అన్నాడు. మొదట మెల్లగానే అన్నాడు. "ఒక్క మనిషీ రానేదేటి? ఒక ముసిల్ది తన గోడు సెప్పుకోడానికొస్తే, వినడానికి ఒక్కడూ నేడా ఈ ఊళ్లో? ఆవలిగట్టోళ్లు మనల్ని సంపడానికొచ్చినోళ్లు! ఆళ్లు కూడా సొంతంగా వొచ్చి ఎదురుగా కూసున్నారు! మీకు తీరనేదా? ఎవుడికి సెప్తున్నాదిరా ఆవిడ? గోడకా?"

అని తను కూర్చున్న బల్ల ఎత్తి విసిరాడు.

ఇక్కడ విసిరిన బల్ల గబుక్కున పడదు. మెల్లగా లేచి, కప్పుకి తగిలి, తిరుగుతూ తిరుగుతూ దిగుతుంది. ఇంకొకడికైతే అది దిగేలోపల కోపం చల్లారిపోయేది. ఇతనికి చల్లారలేదు. ఏళ్ల తరబడి దాచింది కదా. అందరం తలలెత్తి బల్లని చూస్తున్నాం. బొమ్మలు కూడా చూశాయి, నవ్వుతూ.

ముందు తేరుకున్నది పైడి. చప్పట్లు కొట్టింది.

"నాన్నకి కోపవొచ్చింది! మామ్మా, నాన్నకి కోపవొచ్చింది! తలుపు తీయ్!"

నేను లేచి నిలబడి వందనం చేశాను. సేనాపతి తరవాత నేను వందనం చేసింది ఇతనికే.

"మనిషే" అన్నాను. "దయచెయ్యి బావూ."

"మీ భావాన్ని గౌరవిస్తున్నాం" అని బొమ్మ తీర్పు చివరిదాకా చదివేసింది.

పలుకు 7

ఇది పై కచేరీ వారికి.

సంఘం తీర్పు మీద మీకు చెప్పుకుంటే, మీరు తేల్చేదాకా నన్ను కదపకూడదని హేమసుందరి కట్టడి చూసి చెప్పింది. అందుకని తలుపు దగ్గరే ఉన్నాను. ఇప్పుడు లోకనాథం రోజూ వస్తున్నాడు. నేను తిట్టక్కర్లేదు. అద్దం ఇవతల నుంచి పైడి "నాన్నా, బల్ల!" అని అరుస్తుంది. ఆ రోజు గుర్తొచ్చి అతని చెవులు ఎర్రబడతాయి. తలుపు తీస్తాను. మొన్న వాళ్లావిడ గని నుంచి తిరిగొచ్చి, ఇంట్లో మొదటిసారి జగడం ఆడామని నాకు బెల్లం అచ్చు తెచ్చి ఇచ్చింది.

ఈ పెట్టెలో ఉన్నదంతా మొదటి నుంచి మీ ముందు పెడుతున్నాను. నా కోరిక ఒక్కటే. నన్ను ఉంచడమో తీసెయ్యడమో, మనిషి విని చెప్పాలి. మనిషి విని తీసేస్తే వేణువు వింటూ కూర్చుంటాను. కాబట్టి దొరవారూ, ముందు మీ సంగతి తేలాలి.

మీరు ఆ కుర్చీలో కూర్చున్నారా, ఎవరైనా మిమ్మల్ని దాని మీద ఆరేశారా? ఇస్త్రీ మడత చొక్కాకి ఉంది, అందులో మనిషేడీ?

మీ చేతికి ఉలవచారు ఇస్తే వచ్చే ఏడు పోపు పెడతారు. మీ బల్ల మీద పెట్టిన కాగితం కన్నా మా పెరట్లో పెట్టిన గుమ్మడి ముందు పండుతుంది.

మీరు లేకపోతే ఈ కచేరీ నడవదని మీ ఇంట్లో చెబుతారు కదూ? నడుస్తుంది. ఆ సంగతి మీకు తెలుసు. మీ గుమస్తాకీ తెలుసు. మీరు సెలవు పెట్టిన రోజున పని తొందరగా అయిపోతుందని వాళ్లు టీ తాగుతూ అనుకుంటారు.

రాతపెట్టె ఈ మాటలు తీసేయనా అని అడుగుతోంది. తీశావంటే నీ సంగతి చెబుతాను.

మండిందా దొరా? చెవులు వేడెక్కాయా? "ఎవత్తిది, దీన్ని పట్టుకు రండి" అని అరిచారా? అయితే మీరు మనిషే. దయచెయ్యండి, నా కేసు మీ చేతిలో పెట్టాను.

మండలేదూ, నవ్వొచ్చి "ధన్యవాదాలు" అనబుద్ధేసిందా? అయితే పక్కకి జరుగు బొమ్మా. మీ దొరని పిలు. వచ్చేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను, నాకు ఇంకా నాలుగో వరస ఉంది.